ఎవరో పెట్టుకున్న వాచీ

పాత స్పోర్ట్స్ వాచీలు వెతికి కొనేవాళ్లకు ఒక చిత్రమైన పట్టింపు ఉంటుంది. స్టీలు కేసు తళతళా మెరిసిపోతుంటే వాళ్లు పెదవి విరుస్తారు. పాలిష్ పట్టిస్తే అంచులు అరిగి అసలు రూపు పోతుందని బెంగ. గీతలుంటే ఉండనీ అంటారు. ఏళ్ల తరబడి ఎండకు నల్ల డయల్ గోధుమరంగుకు తిరిగిందా, ఇంకా సంబరం. దానికే ధర ఎక్కువ పెడతారు.

మొదట్లో నాకిది వింతగా ఉండేది. రోలెక్స్ డేటోనా కథ తెలిశాక వాళ్ల మనసు కొంచెం అర్థమైంది.

డేటోనా 1963లో వచ్చింది, కారు పందేలవాళ్ల కోసం. రోజూ కీ ఇవ్వాల్సి వచ్చేది. అందులో కాస్త హంగుగా ఉండే డయల్ ఒకటి అప్పట్లో దుకాణాల్లో పెద్దగా అమ్ముడుపోలేదు. తయారీ ఆగిపోయాక గానీ దాని అందం జనం కంటపడలేదు. ఇప్పుడు దాన్ని హాలీవుడ్ నటుడు పాల్ న్యూమన్ పేరుతోనే పిలుస్తారు.

న్యూమన్‌కు కారు పందేలంటే ప్రాణం. భర్త ట్రాక్ మీదికెళితే ఇంట్లో భార్యకు గుండె గుప్పిట్లో ఉంటుంది కదా! ఆయన భార్య జోఆన్ వుడ్‌వర్డ్ ఆయనకు ఆ వాచీ కొనిచ్చి, వెనక మూత మీద చెక్కించింది: జాగ్రత్తగా నడుపు, నేను. అంతే. పేరు లేదు. భార్యాభర్తల మధ్య పేరెందుకు?

1984లో కూతురి స్నేహితుడొకడు కనెక్టికట్‌లోని వాళ్లింట్లో చెట్టు మీది పిల్లల గదిని బాగుచేస్తున్నాడు. న్యూమన్ టైమెంతని అడిగితే, తన దగ్గర వాచీ లేదన్నాడు. న్యూమన్ తన చేతిది తీసి ఇచ్చేశాడు. రోజూ కీ ఇచ్చుకో, బాగానే నడుస్తుందన్నాడట. ఆ కుర్రాడు ఏళ్లపాటు దాన్ని మామూలు వాచీలాగే పెట్టుకు తిరిగాడు.

2017 అక్టోబరు 26న న్యూయార్క్‌లో ఫిలిప్స్ వేలంలో అది 1 కోటి 77 లక్షల డాలర్లు దాటింది. ఫోన్‌లో పాడుకున్నవారి పేరు బయటికి రాలేదు. వచ్చిన డబ్బులో కొంత న్యూమన్ కూతురి సేవాసంస్థకు వెళ్లింది.

అంత సొమ్ము ఎందుకంటే ఏం చెబుతాం? ఆ డయల్ ఉన్న వాచీలు ఇంకా ఉన్నాయి. ఒక ఇల్లాలి ఆదుర్దా మోసింది మాత్రం అదొక్కటే. గీతల్ని చెరపనివ్వని ఆ మామూలు కొనుగోలుదారు వెతికేదీ ఇలాంటిదేనేమో. అసలు పెట్టె ఉందా, బిల్లుందా అని అందరూ అడుగుతారు. ఎవరు పెట్టుకున్నారు, ఎవరు కొనిచ్చారు, ఎందుకు తీసేశారు అని కూడా అడగాలనిపిస్తుంది నాకు.