పాత బండికి సొంత చిరునామా

ఆంధ్రప్రదేశ్‌లో 2019లో కొత్త బండ్లన్నిటికీ ఒకటే కోడ్, ఏపీ 39, తెచ్చారు. అంతకుముందు ఏపీ 30 కనిపిస్తే శ్రీకాకుళం బండి, ఏపీ 35 కనిపిస్తే విజయనగరం బండి అని నంబరు ప్లేటే చెప్పేది. జిల్లాను నుదుట మోసిన ఆ బండ్లు ఏటేటా తుక్కు కిందికి పోతున్నాయి. వాటికన్నా పాతవైన అంబాసిడర్లు, ప్రీమియర్ పద్మినిలు ఇంకా ముందే కనుమరుగయ్యాయి. అంబాసిడర్ తయారీ 2014 మే నెలలో ఉత్తరపారా కర్మాగారంలో ఆగిపోయింది. ఇలాంటి బండ్లను నడిపించే విద్య పుస్తకాల్లో కన్నా షెడ్లలోనే ఎక్కువ ఉంది. 2022 వరకు విజయనగరం జిల్లాలో ఉన్న సాలూరు, రాయపూర్ రోడ్డు మీద లారీలనే నమ్ముకుని ఎదిగిన ఊరు. కమాన్ కట్టలు ఎక్కించడం, ఇంజను బోరు కొట్టించడం, చప్పుడు విని లోపం ఎక్కడుందో చెప్పడం అక్కడ చేతి నుంచి చేతికి అందిన పనితనం. ఈ విద్యనూ, ఆ బండ్ల ఫొటోలనూ, కాగితాలనూ కాపాడుకోవాలంటే ఉత్తరాంధ్ర పాత బండ్ల ప్రియులు తమ పేరున ఒక వెబ్‌సైటు, దానికి తమ అదుపులో ఉండే సర్వరు పెట్టుకోవాలి.

ఫేస్‌బుక్ పేజీ, వాట్సాప్ గ్రూపు ఊరికే వస్తుంటే ఈ శ్రమ ఎందుకని ఎవరైనా అడగవచ్చు. ఊరికే వచ్చిన చోటు ఎన్నాళ్లు ఉంటుందో నిర్ణయించేది మనం కాదు. మన యువత కబుర్లతో కళకళలాడిన ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూతపడింది. అభిరుచి గల మనుషులు ఏళ్ల తరబడి రాసుకున్న యాహూ గ్రూపుల పాత సామగ్రిని 2019 డిసెంబరులో తొలగించడం మొదలుపెట్టారు, మరుసటి ఏడాది ఆ సేవే ముగిసింది. కారు ప్రియులకు పెద్ద దెబ్బ 2017లో తగిలింది. ఫొటోబకెట్‌లో దాచిన బొమ్మలు వేరే సైట్లలో కనిపించాలంటే ఏడాదికి 399 డాలర్లు కట్టాలని ఆ కంపెనీ షరతు పెట్టింది. ఇంజను ఎలా విప్పాలో మెట్టుమెట్టుగా చూపిన బొమ్మలు అనేక సైట్లలో ఒక్కసారిగా మాయమయ్యాయి. రాతలు మిగిలాయి గానీ, బొమ్మ లేని మరమ్మతు పాఠం సగం పాఠమే. వాట్సాప్ మూతపడకపోయినా అక్కడ నిన్నటి మాట రేపటికి దొరకదు. గ్రూపులో లేనివాడికి అసలే దొరకదు.

ఇది జ్ఞాపకాల మీది మమకారం మాత్రమే కాదు, చట్టంతో కూడా పని ఉంది. కేంద్రం 2021 జులైలో తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన సొంత వాడకపు కార్లు, ద్విచక్ర వాహనాలు వింటేజ్ వాహనాలుగా రిజిస్టర్ కావచ్చు. వాటి నంబరులో వీఏ అనే అక్షరాలు ఉంటాయి. రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. అయితే బండి అసలు రూపంలోనే ఉండాలి. చాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులు ఉండకూడదు. అసలు రూపం ఏదో తేల్చాలంటే ఆ కాలపు ఫొటోలు, కంపెనీ పుస్తకాలు, తెలిసిన మేస్త్రి మాట ఒకచోట దొరకాలి. కిరాయికి తిరిగిన లారీలకు ఆ నిబంధన నీడ కూడా లేదు. వాటికి మిగిలేది రికార్డు ఒక్కటే. పాత బండ్లు పొగ కక్కుతాయి, పోతే పోనీయండన్న వాదనలో న్యాయం ఉంది. వింటేజ్ బండ్లను రోజూ రోడ్డెక్కించకూడదని ఆ నిబంధనలే చెబుతున్నాయి. కానీ బండి ఆగిపోయినంత మాత్రాన దాని గురించిన తెలివిడి కూడా ఆగిపోనక్కర్లేదు.

ఇదంతా ఇంజినీర్ల పని, మనవల్ల కాదన్న జంకు మరో అడ్డంకి. వెబ్‌ను 1993 ఏప్రిల్ 30న సెర్న్ సంస్థ అందరికీ ఉచితంగా వదిలేసింది. పేజీలను చూపించే అపాచీ, ఎన్‌జిన్‌ఎక్స్ సాఫ్ట్‌వేర్లకూ, వాటి కింద పనిచేసే లైనక్స్‌కూ పైసా కట్టనక్కర్లేదు. సైటుకు తాళం గుర్తు తెచ్చే సర్టిఫికెట్లను లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ 2015 నుంచి ఉచితంగా ఇస్తోంది. రాతలు, ఫొటోలే ఉన్న సైటుకు డేటాబేసులు అవసరం లేదు. సాదా పేజీలుగా రాసి, ఫొటోలను చిన్నవి చేసి పెడితే నెలకు కొన్ని వందల రూపాయల అద్దె సర్వరు చాలు. కదిలే భాగాలు తక్కువున్న యంత్రం తక్కువ చెడుతుందని షెడ్డులో అందరికీ తెలుసు. సర్వరుకూ అదే సూత్రం.

సొంత సర్వరు అన్నాం కదా అని కంప్యూటరును ఇంట్లో పెట్టుకోవడం మన తీరంలో తెలివైన పని కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాన్లు వచ్చాయి. తిత్లీకి శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కరెంటు స్తంభాలు నేలకూలి ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. యంత్రం అద్దెదైనా ఫరవాలేదు. డొమైన్ పేరు మన పేరున ఉండాలి, మొత్తం సైటు నకళ్లు మన చేతిలో ఉండాలి. అప్పుడు అద్దె కంపెనీ మూతపడినా, ధర పెంచినా మూటాముల్లె సర్దుకుని ఇంకోచోటికి పోవచ్చు. చిరునామా మారదు. ఫేస్‌బుక్ పేజీతో అలా కుదరదు.

గట్టి అభ్యంతరం చివరిది. సైటు పెట్టినాయన అలసిపోతేనో, లోకం విడిచిపోతేనో డొమైన్ డబ్బు కట్టేదెవరు? ఒక్క మనిషి మీద నిలిచిన సైటు కూడా ఇసుక మేడే, నిజం. అందుకే అది సంఘం పేరున ఉండాలి, తాళంచెవులు ముగ్గురి దగ్గరైనా ఉండాలి, ఏడాదికోసారి ఒక నకలు ఏదైనా గ్రంథాలయానికో కళాశాలకో చేరాలి. విజయనగరంలో జేఎన్‌టీయూ గురజాడ విశ్వవిద్యాలయం, ఎచ్చెర్లలో అంబేద్కర్ విశ్వవిద్యాలయం ఉన్నాయి. సర్వరు నడపడం నేర్చుకోవాల్సిన విద్యార్థులు అక్కడున్నారు, చెప్పాల్సింది ఎంతో ఉన్న మేస్త్రీలు సాలూరు షెడ్లలో ఉన్నారు. ఈ ఇద్దరినీ కలిపితే చాలు. మేస్త్రి చెప్పిన మాటను అతని యాసలోనే రాయాలి. జనం మాట్లాడే తెలుగుకు పీట వేయించిన గిడుగు రామమూర్తి పుట్టింది ఈ శ్రీకాకుళం గడ్డ మీదే. విశాఖలో భారీ డేటా సెంటర్ కడతామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది. ఎంత పెద్ద యంత్రాలు పక్కనే వెలిసినా మన షెడ్ల తెలివిడి దానంతట అది వాటిలోకి చేరదు. చెప్పగలిగినవాళ్లు ఉండగానే అడిగి రాసుకోవాలి.