ఉత్తరమంటే పైన కాదు!

మూడో తరగతి పిల్లాణ్ని 'ఉత్తరం ఎటురా?' అని అడిగి చూడండి. ఠక్కున వేలెత్తి ఆకాశం చూపించేవాళ్లు చాలామందే ఉంటారు. తప్పు వాళ్లది కాదు. బళ్లో పటం గోడకు వేలాడుతుంటుంది. పైన ఉత్తరం, కింద దక్షిణం అని టీచరు బెత్తంతో చూపిస్తారు. పిల్లలకు పైన అంటే ఆకాశమే మరి!

పెన్నానది కర్ణాటకలోని నంది కొండల్లో పుట్టి, ముందు ఉత్తరంగా హిందూపురం వైపు వస్తుంది. ఆ తర్వాతే తూర్పుకు తిరిగి నెల్లూరు మీదుగా సముద్రంలో కలుస్తుంది. గోడ మీది పటంలో అది పైకి ఎగబాకుతున్నట్టు కనిపిస్తుంది. 'నీళ్లు పైకెలా పోతాయి టీచర్?' అని అడిగినవాడు తెలివైనవాడు. 'ముందు పేర్లు రాసుకో' అని కసిరితే భూగోళం మీద వాడి సరదా ఆ రోజుతో సరి.

విరుగుడు తేలికే. పటాన్ని నేల మీద పరిచి, దాని తూర్పును పొద్దున సూర్యుడు వచ్చే వైపుకు తిప్పాలి. ఇప్పుడు ఉత్తరం చెరువు వైపో, బస్టాండు వైపో ఉంటుంది. అంతకన్నా ముందు ఇంటి నుంచి బడికి వచ్చే దారిని సుద్దముక్కతో గీయిస్తే ఇంకా మంచిది. వేపచెట్టు, కిరాణా కొట్టు, కుక్కలుండే సందు... ఆ సందును మాత్రం ఏ పిల్లాడూ మర్చిపోడు!

పెద్దవాళ్లకేమో జిల్లాల పేర్లు అప్పజెప్పించడమే ముద్దు. అమ్మానాన్నలు చదువుకున్నప్పుడు 23. 2014లో రాష్ట్రం విడిపోయాక ఆంధ్రప్రదేశ్‌కు 13, తెలంగాణకు 10. తెలంగాణలో 2016లో 31, 2019లో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 26 చేశారు. బట్టీ పట్టిన జాబితా ఇట్టే పాతబడుతుంది. పటం చూడటం వచ్చిన పిల్లకు కొత్త జిల్లా అయిదు నిమిషాల పని.

చరిత్రతో చిక్కు వేరు. ఎనిమిదేళ్ల పిల్లకు గాంధీగారూ, రుద్రమదేవీ, డైనోసార్లూ అంతా 'అనగనగా' కాలంవాళ్లే. అందుకే ఆటస్థలంలో ఏడాదికో అడుగు చొప్పున నడిపించాలి. ఎనిమిది అడుగులకు తను పుట్టింది. ముప్ఫై దాటాక అమ్మ. స్వాతంత్ర్యానికి దాదాపు ఎనభై. 1591 నాటి చార్మినార్‌కు 430 పైనే, చిన్న బడైతే గేటు దాటాల్సిందే. రుద్రమదేవి దగ్గరికి ఏడొందలకు పైన, అమరావతి స్తూపానికి రెండు వేల పైమాటే. మరి డైనోసార్లో? అవి అంతరించి ఆరున్నర కోట్ల ఏళ్లు దాటింది. ఒక్కో అడుగు ఒక్కో ఫుటు అనుకున్నా, ఇంచుమించు భూమి చుట్టూ సగం దూరం నడవాలి!

ఈ నడకకు అమ్మమ్మనో తాతయ్యనో తోడు తీసుకెళ్తే మధ్యలో బోలెడు మజిలీలు దొరుకుతాయి. నాగార్జునసాగర్ దగ్గరి తాతయ్య 1955లో వేసిన పునాదిరాయి గురించి తన పెద్దలు చెప్పింది చెబుతాడు. దివిసీమ అమ్మమ్మయితే 1977 నవంబరు ఉప్పెన దగ్గర ఆగిపోతుంది. ఆ రాత్రి నీళ్లు ఎటు నుంచి వచ్చాయో పిల్లలే అడుగుతారు. పటం దగ్గరుంచుకోండి.