గిర్ని టీవీలోకి వచ్చిన సాయంత్రం

పోయిన నెల రేడియోలో వచ్చే ‘కామ్‌గార్ సభ’ గురించి రాశాను కదా. అది చదివి ముగ్గురు నలుగురు దారిలో ఆపి అడిగారు. రేడియో సంగతి సరేగానీ, మన టీవీ సంగతి రాయవేంది అని. రాయకపోవడానికి నాకొక కారణం ఉంది. అయినా ఈసారి రాసేస్తాను.

‘మన టీవీ’ అన్నారు చూడండి, ఆ మాటే నన్ను పట్టుకుంది. అది మరాఠీ టీవీ. అందులో మన భాష లేదు. అయినా మన ముసలోళ్లందరూ దాన్ని మన టీవీ అనే అంటారు.

బొంబాయి దూరదర్శన్ 1972 అక్టోబరు 2న మొదలైంది. ఢిల్లీ తర్వాత దేశంలో అది రెండో కేంద్రం. స్టూడియో, టవరు వర్లీలో, అంటే గిర్నీల పొగగొట్టాల నడుమనే. ఢిల్లీ నుంచి దేశమంతటికీ ఒకేసారి వచ్చే జాతీయ కార్యక్రమం 1982 ఆగస్టు 15న గానీ మొదలు కాలేదు. అంతకు ముందు పదేళ్లు సాయంత్రం పూట మనం చూసినదాంట్లో ఎక్కువ భాగం ఆ వర్లీ స్టూడియోలో తయారైందే. ‘ఛాయాగీత్’ పాటలు, తబస్సుం ముచ్చట్లు, ‘గజ్రా’ నవ్వులు, దిలీప్ ప్రభావళ్కర్ వేసిన చిమణ్‌రావు. వార్తలు చదివిన స్మితా పాటిల్ తర్వాత సినిమాల్లోకి పోయి ఎంత పేరు తెచ్చుకుందో మీకు తెలుసు.

మా అంతస్తులో ఒక్కటే టీవీ. చివరి ఖోలీలో ఉండే గుమాస్తా కాకాది. తలుపుల పెట్టెలో బ్లాక్ అండ్ వైట్ సెట్టు. దానికి ఏటా పోస్టాఫీసులో లైసెన్సు కట్టాలి. కట్టేది కాకా ఒక్కడు, చూసేది అంతస్తు మొత్తం. ముందు పిల్లలు, వెనక ఆడవాళ్లు, గడప బయట గ్యాలరీలో మగవాళ్లు.

నాయనకు ఇష్టమైంది ‘ఆమ్చీ మాతీ ఆమ్చీ మాణ్‌సం’. రైతుల కార్యక్రమం. బొంబాయిలో సాంచా నడిపేవాడికి రైతు కార్యక్రమం ఎందుకని కాకా నవ్వేవాడు. నాయన మాత్రం కదిలేవాడు కాదు. పత్తి చేను చూపిస్తే కరీంనగర్‌లో వదిలి వచ్చిన రెండెకరాలు గుర్తొచ్చేవి కాబోలు. ‘నల్లరేగడి మనదే, పురుగూ మనదే, మాటొక్కటే వేరు’ అనేవాడు. అమ్మ మరాఠీ నేర్చుకున్నది కూడా అక్కడ కూర్చునే. బజారులో ఆమె మాట్లాడితే కూరగాయలమ్మే బాయి ‘ఇంత శుద్ధమైన మరాఠీనా’ అని ఆశ్చర్యపోయేది. అది టీవీ మరాఠీ మరి.

ఇంకొకటి ‘కామ్‌గార్ విశ్వ’. పేరులోనే ఉంది, కార్మికుల కోసం. ఒక రోజు నాయన పనిచేసే గిర్నికి కెమెరా వచ్చింది. ఇంటికొచ్చి చెప్పిండు: ‘పెద్ద పెద్ద లైట్లు పెట్టిండ్రు. నా సాంచా కాడ నిలబడి తీసిండ్రు.’ సాంచాల మోతలో ఏళ్ల తరబడి పనిచేసి ఆయనకు చెవులు మందగించాయి. మామూలుగా తక్కువే మాట్లాడేవాడు. ఆ వారమంతా మాత్రం అంతస్తులో ప్రతి ఖోలీకి పోయి ఏ రోజు వస్తుందో చెప్పి వచ్చాడు.

తీరా ఆ రోజు ఆయనది రెండో పాళీ. మూడున్నరకు పోతే అర్ధరాత్రికి గానీ రాడు. పోయే ముందు నాకు చెప్పిండు. ‘నువ్వు సూసి నాకు చెప్పు బిడ్డా.’

నాకు పదేళ్లు. మొదటి వరుసలో కూర్చున్నాను. ఎవరో ఒకాయన కుర్చీలో కూర్చొని ప్రావిడెంటు ఫండు గురించి చెబుతున్నాడు, చెబుతూనే ఉన్నాడు. గ్యాలరీలో దోస్తులు గోలీలాడుతున్న చప్పుడు వినబడింది. ఒక్క ఆట ఆడి వద్దామని లేచాను. కాసేపటికి లోపల నుంచి కేకలు. ‘తెలుగు మామా! తెలుగు మామా!’ పరుగెత్తి వచ్చేసరికి తెర మీద ఇంకెవరో ఉన్నారు.

అర్ధరాత్రి నాయన వచ్చి నన్ను లేపాడు. జుట్టులో ఇంకా పత్తి పీచు ఉంది.

‘కనబడ్డనా?’

‘కనబడ్డవు నాయనా. నవ్వినవు కూడా.’

ఆయన కొంచెం సేపు నన్నే చూశాడు. ‘నవ్వలేదురా. కెమెరా దిక్కు చూడొద్దు, నవ్వొద్దు అన్నరు వాళ్లు’ అని దుప్పటి కప్పి పోయి పడుకున్నాడు. మళ్లీ ఎప్పుడూ ఆ సంగతి ఎత్తలేదు. అందుకే ఇన్నాళ్లూ రాయబుద్ధి కాలేదు.

1982 జనవరి 18న సమ్మె మొదలైంది. రెండున్నర లక్షల మంది బయటికి వచ్చారు. అందులో నాయన ఒకడు. మళ్లీ గిర్ని లోపలికి పోలేదు.

1995లో కేబుల్ మీద ఈటీవీ, జెమిని వచ్చాయి. హైదరాబాద్ దూరదర్శన్ 1977లోనే మొదలైనా ఆ టవరు సిగ్నలు మనదాకా అందేది కాదు. అప్పటిదాకా తెలుగంటే ఆదివారం మధ్యాహ్నం ప్రాంతీయ సినిమాల్లో మన వంతు ఎప్పుడొస్తుందా అని చూడటమే. ఇప్పుడు ఇరవై నాలుగు గంటలూ తెలుగే. అమ్మ మురిసిపోయింది. నాయన రెండు మూడు నెలలు చూసి, ‘మంచిగనే ఉన్నది. గని మనం ఇక్కడున్నమని వీళ్లకు ఎరుకేనా?’ అన్నాడు. సాయంత్రం మరాఠీ వార్తల టైముకు మళ్లీ పాత చానల్‌కే తిప్పేవాడు. మన గల్లీలో నీళ్లు రాకపోతే, వానకు పరేల్ మునిగితే చెప్పేది అదే కదా. నాకూ అప్పుడే తెలిసింది, భాష మనదైతే చాలదని. తీసేవాళ్లు మన వీధిలో నడిచిన వాళ్లయి ఉండాలి. రెండూ ఒకచోట దొరికితే ఎట్లా ఉండేదో మాత్రం మన బస్తీ ఎన్నడూ చూడలేదు.

ఆ కార్యక్రమం టేపు ఇప్పుడు దొరుకుతుందన్న ఆశ నాకు లేదు. అప్పట్లో టేపు ఖరీదు. ఒకటి చూపించాక దాని మీదే ఇంకొకటి తీసేవాళ్లు.

నాయన పోయాక పదమూడో రోజున కాకా భార్య వచ్చింది. వయసు మీద పడ్డ మనిషి. అమ్మ పక్కన కూర్చుని, ఏదో గుర్తొచ్చినట్టు, ఆ రోజు టీవీలో చూసింది చెప్పింది. తల వంచుకొని ఉన్నాడట. నాడె ఆపి, తెగిన పోగు కొస కోసం పడుగులో వేళ్లతో వెతుకుతున్నాడట. దొరికింది, ముడి వేశాడు, చెయ్యి తీశాడు. అంతలోనే బొమ్మ మారిపోయిందట.

‘నవ్విండా కాకీ?’ అని అడిగాను.

‘లేదురా’ అంది.