తేటలో దొరికిన మందు

నెత్తురు గడ్డకట్టాక పైకి తేరే పసుపుపచ్చని తేటను సీరం అంటారు. 1953లో న్యూయార్కులో జాన్ కిడ్ అనే శాస్త్రజ్ఞుడు క్యాన్సరు కంతులున్న చిట్టెలుకలకు గినీపంది సీరం ఎక్కించాడు. కంతులు కరిగిపోయాయి! కుందేలు సీరం, గుర్రపు సీరం ఆ పని చెయ్యలేదు.

మరి గినీపంది సీరంలో ఏమున్నది? ఆస్పరాజినేజ్ అనే మాంసకృత్తు అని 1961లో జాన్ బ్రూమ్ తేల్చాడు. ఆస్పరాజిన్ అనే పదార్థం లేనిదే జీవకణాలు బతకవు. మంచి కణాలు దాన్ని తామే తయారుచేసుకుంటాయి. ఆ క్యాన్సరు కణాలకు అది చాతకాదు, నెత్తురులోంచి తీసుకోవలసిందే. ఈ మాంసకృత్తు నెత్తురులోని ఆస్పరాజిన్‌ను విరగ్గొడుతుంది. తిండి లేక అవి చస్తాయి.

ఇప్పుడు దీన్ని సూక్ష్మజీవులనుంచి తీసి, పిల్లలకు వచ్చే ఒకరకం నెత్తురు క్యాన్సరుకు ఇతర మందులతోపాటు ఇస్తున్నారు. ఎందరో పిల్లలు కోలుకుని మళ్ళీ బడికి పోతున్నారు.