గేర్ బాక్సులో గేర్ ఆయిల్ పొయ్యకండి

విజయవాడ ఆటోనగర్లో మా బాబాయికి ఓ పాత లేతు మిషనుంది. వయసులో నాకంటే పెద్దది. ఏ ఆయిల్ వాడాలో చెప్పే రేకు మీద అక్షరాలు ఎప్పుడో అరిగిపోయాయి. మన భాషలో చెప్పాలంటే డాక్యుమెంటేషన్ లేని ప్రొడక్షన్ సిస్టమ్. పోయిన సంక్రాంతికి హెడ్‌స్టాక్‌లో ఆయిల్ మారుద్దామంటే, సలహా ఇచ్చిన మేధావిని నేనే. గేర్ బాక్సు కాబట్టి గేర్ ఆయిల్, అందులోనూ ఖరీదైంది: 90 నంబరు, జీఎల్-5.

మర్నాడు పొద్దున్నే మోటారు మూలిగింది. గేరు మార్చే పిడి బిగుసుకుంది. గంట తిరిగేసరికి హెడ్‌స్టాక్ మామూలుకన్నా బాగా వేడెక్కింది. "ఏరా, లేతనుకున్నావా, లారీ అనుకున్నావా?" అన్నాడు బాబాయ్.

నిజమే, అది లారీ ఆయిలే. జీఎల్-5 బళ్ళ వెనక ఇరుసులో ఉండే హైపాయిడ్ గేర్ల కోసం చేసింది. అక్కడ పళ్ళు విపరీతమైన ఒత్తిడిలో ఒకదాని మీద ఒకటి జారతాయి కాబట్టి గంధకం, భాస్వరం ఉన్న రసాయనాలు కలుపుతారు. లేతుకి ఆ అవసరం లేదు. పైగా చాలా పాత లేతుల్లో కంచు బుష్షులుంటాయి. వేడెక్కితే ఆ గంధకం రాగిని తినెయ్యొచ్చు. (ఇప్పటి ఆయిల్స్‌లో కొన్ని కంచుకి హాని చెయ్యవు, కానీ డబ్బా మీద రాసుంటేనే నమ్మండి.)

నంబర్ల తిరకాసు ఇంకోటి. ఐఎస్ఓ వీజీ 68 అంటే 40 డిగ్రీల దగ్గర 68 సెంటీస్టోక్స్ చిక్కదనం. ఎస్ఏఈ 90 లెక్కే వేరు, దాన్ని ఐఎస్ఓలోకి మారిస్తే దాదాపు 200 దగ్గర తేలుతుంది. నేనేమో 68కీ 90కీ ఎంత తేడాలే అనుకున్నా. యూనిట్లు చూడకుండా పోల్చినందుకు కోడ్ రివ్యూల్లో జూనియర్లని ఎన్నిసార్లు తిట్టుంటానో!

పోనీ ఇంజనాయిల్ పోస్తేనో అంటారు కొందరు. అందులోని డిటర్జెంట్ మురికిని తేలుస్తూ ఉంచుతుంది, ఇంజన్లో ఫిల్టరుంది కాబట్టి అక్కడ చిక్కుకుంటుంది. ఫిల్టరు లేని పాత లేతులో ఆ రజను మళ్ళీ మళ్ళీ పళ్ళ మధ్యకే వెళ్తుంది. అడుక్కి దిగిపోవడమే మేలు.

ఆ సాయంత్రమే, వెచ్చగా ఉండగానే మొత్తం దింపేసి, అడుగున పేరుకున్న రజను గుడ్డతో తుడిచి, 68 నంబరు హైడ్రాలిక్ ఆయిల్ పోశాం, అద్దంలో గీత దాకా. అన్ని లేతులకీ ఇదే అనను, మాన్యువల్ దొరికితే అందులో ఉన్నదే పొయ్యండి. ఒక్కరోజే కాబట్టి బుష్షులకేం కాలేదు. కానీ ఆ రోజు ఇస్తానన్న పని ఇవ్వలేక బాబాయ్ రెండు ఫోన్లు చేసుకున్నాడు. నన్ను మాత్రం ఒక్క మాటా అనలేదు, అదే ఇబ్బందిగా ఉంది.

సీలు తియ్యని డబ్బా ఒకటి మిగిలింది. లారీ ఉన్నవాళ్ళెవరికైనా కావాలంటే చెప్పండి.