అడుగున నడచు అక్షరములు

గత సంవత్సరము మా పాఠశాలలోని ఒక తెలుగు చిత్రపు డీవీడీని, పాత యంత్రమున ఆడుటకై వీసీడీగా మార్చితిమి. బొమ్మ వచ్చినది, పాట వచ్చినది. అడుగున నడచు ఆంగ్లాక్షరములు మాత్రము రాలేదు. మన పిల్లలు గమనింపనే లేదు. వారితో వచ్చిన కన్నడ బాలురు అర్ధగంటకే లేచిపోయిరి.

తప్పు యంత్రముది కాదు, తెలియక మార్చిన మాది. డీవీడీలో ఈ ఉపశీర్షికలు చిత్రముతో కలిసి యుండవు. వేరు పొరలుగా, చిన్న బొమ్మల రూపమున నుండును. అట్టి పొరలు 32 వరకు పట్టును. 1993లో వెలువడిన వీసీడీ పద్ధతిలో వానికి చోటు లేదు. కావున మార్చునపుడే అక్షరములను చిత్రముపై అచ్చొత్తవలయును. పిమ్మట తొలగింప వీలుండదు. పైగా 720 చుక్కల వెడల్పు 352కు తగ్గుటచే సన్నని అక్షరములు అలుకుకొనిపోవును. పెద్దవిగా నుంచుట మేలు. ఎస్‌వీసీడీలోనైతే నాలుగు పొరలకు చోటున్నది గాని, అన్ని యంత్రములు వానిని చూపవు.

“మన భాష మనకు వచ్చును గదా, ఈ అక్షరములేల?” అని ఒక తండ్రిగారు అడిగిరి. నిజమే, మనకు అక్కరలేదు. కాని మన కథ పొరుగువారికి తెలియనీయక, మన భాషను వారు మన్నింపవలెనని కోరుట న్యాయమా?

అదృష్టవశమున మూలపు డీవీడీ బీరువాలో భద్రముగా నున్నది. సెలవులలో మరల మార్చి, ఆ బాలురను మరల పిలిచెదము.