ఎంత వేగం కావాలి?

నెలలో ఇరవయ్యో తారీఖు దాటాక ఒక పొద్దున తిరుచానూరులో చాలా ఇళ్లవాళ్లు పదింటికి ముందే ఫోన్లు, కంప్యూటర్లు పట్టుకుని కూర్చుంటారు. తిరుమల కొండమీద 300 రూపాయల దర్శనానికి ఆన్‌లైన్‌లో టికెట్లు వదిలే రోజది. కొండ కిందే ఉన్నారు కదా, మీకు దొరక్కపోతే ఇంకెవరికి దొరుకుతాయని హైదరాబాదు, బెంగళూరు చుట్టాల ధీమా. ఆ మాట పడలేక ఇంటర్నెట్ ప్లాను పెంచుకునేవాళ్లూ ఉంటారు. డబ్బు దండగ. ఆ పూట రద్దీ మన తీగలో ఉండదు, అవతల సర్వరు దగ్గర ఉంటుంది. 30 ఎంబీపీఎస్ వాళ్లూ 300 వాళ్లూ ఒకే వరసలో నిలబడాల్సిందే.

2017 డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించినప్పుడు, నెలకు 149 రూపాయలకే 15 ఎంబీపీఎస్ నెట్టు, టీవీ ఛానళ్లు, ఫోను అంటే అబ్బురంగా చెప్పుకున్నాం. కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగి ఊళ్లకు చేర్చారు. ఇవాళ 30 అంటే మొహం చిట్లిస్తున్నాం. హెచ్‌డీ బొమ్మ ఆగకుండా రావడానికి 5 ఎంబీపీఎస్ చాలు. ఇద్దరు సినిమాలు చూస్తూ, ఒకరు ఆన్‌లైన్ క్లాసు వింటున్నా 30లో ఇంకా మిగులుతుంది. వందల ఎంబీపీఎస్ కావలసిన ఇళ్లు లేవని కాదు, కొన్నే.

ఇక వాడకం. హెచ్‌డీ వీడియోకు గంటకు అటూఇటూగా 2, 3 జీబీ ఖర్చు. ఇంట్లో అవ్వ కోసం సుప్రభాతం నుంచి ఏకాంత సేవ దాకా ఎస్వీబీసీ భక్తి ఛానల్‌ను యూట్యూబులో పెట్టి వదిలేస్తే నెలకు వెయ్యి జీబీ దాటుతుంది. అదే ఛానల్ కేబుల్ టీవీలో పెడితే ఒక్క జీబీ కూడా ఖర్చు కాదు. అవ్వకు కనబడేది అదే స్వామి. అన్‌లిమిటెడ్ అని అమ్మే చాలా ప్లాన్లకు 3,300 జీబీ దగ్గర గీత ఉంటుంది కాబట్టి అవ్వ వల్ల వచ్చే నష్టమేమీ లేదు. గీత దాటాక వేగం ఎంతకు పడుతుందో మాత్రం సంతకానికి ముందే అడగాలి. 399 అన్న ప్లానుకు 18 శాతం జీఎస్టీ కలిస్తే 471 అవుతుందనీ గుర్తుంచుకోవాలి.

నెట్టు నత్తనడక అని ఫిర్యాదు చేస్తే వచ్చిన కేబుల్ కుర్రాడు ముందు చూసేది తీగను కాదు. "ఏమ్మా, ఆ వైఫై పెట్టెను ఇనప బీరువా ఎనకాల దాచిపెడితే సిగ్నలు యాడ్నించి వస్తాది?" అని దాన్ని తీసి, హాల్లో ఎత్తుగా, అన్ని గదులకూ నడిమధ్యన పెడతాడు. సగం ఇళ్లలో జబ్బు అక్కడితో కుదురుతుంది. నిజానికి మనం నెలనెలా డబ్బు కట్టాల్సింది ఎంబీపీఎస్ అంకెను చూసి కాదు, ఇలా పిలిస్తే పలికే మనిషిని చూసి. తీగ తెగితే ఎన్నాళ్లకు వస్తారన్నది ఏ ప్రకటనలోనూ ఉండదు. పక్కింటివాళ్లను అడిగితే తెలుస్తుంది.

ఏడాది డబ్బు ఒకేసారి కడితే ఒక నెల ఉచితమని ఆశ పెట్టేవాళ్లుంటారు. ముందు ఒక్క నెలకే కట్టి, వీధి వీధంతా టీవీల ముందు చేరే రాత్రి ఎనిమిది, పది మధ్య ఎలా వస్తోందో చూసుకోవడం మంచిది.